చీటీ మీది పది అక్షరాలు

మా ఊరి ఆడవాళ్ళ గ్రూపులో ఓట్లు జరుగుతున్నాయి. పేరు చెప్పకుండా రాసే వీలు ఉంచాలా, తీసేయాలా అని. గ్రూపు నడిపే అమ్మాయి రెండు గడులు పెట్టి ఏదో ఒకటి నొక్కమంది. ఫోను రోజుకు మూడుసార్లు గుర్తుచేస్తోంది, మీరింకా ఓటు వేయలేదని. వేయలేదు. ఈ గొడవంతా మొదలైంది నావల్లే కాబట్టి ఓటన్నా వేయకుండా ఊరుకుందామని నా ఉద్దేశం. అరవై దాటాక మోకాళ్ళతో పాటు అభిప్రాయాలు కూడా లేవడానికి మొరాయిస్తాయి.

నేను కడపలో ఒక బట్టల అంగడిలో పెరిగాను. ఇల్లు వెనకాల, అంగడి ముందర. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి ఎక్కడ ఇల్లు అయిపోయి ఎక్కడ వ్యాపారం మొదలవుతుందో మాలో ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ కందిపప్పు కొన్నా, పూలు కొన్నా, పెద్దమ్మ కూతురికి సంబంధం చూసినా ఒకటే గొంతు. ముందు సగానికి అడగాలి, తర్వాత లేచి నిలబడాలి, తర్వాత నాలుగడుగులు నడవాలి. వెనక్కి పిలుస్తారు. పిలవకపోతే ఏదో మరిచిపోయినట్టు మనమే వెనక్కి రావాలి. నాకు వచ్చిన విద్యల్లో పూర్తిగా వచ్చింది ఇదొక్కటే. డిగ్రీ కూడా ఉంది గానీ దానితో ఎవరూ ఏమీ తగ్గించలేదు.

ఆ అంగట్లో ప్రతి చీరకూ ఒక చిన్న చీటీ కట్టి ఉండేది. దాని మీద రెండు మూడు అక్షరాలు. కొనేవాళ్ళు అదేదో సరుకు నంబరు అనుకునేవాళ్ళు. అది మేం కొన్న ధర. మా నాయనకు ఒక పదక్షరాల మాట ఉండేది, ఏ అక్షరమూ రెండుసార్లు రానిది. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా పోయి పదోది సున్నా. బట్టల వ్యాపారం చేసే ప్రతి ఇంటికీ అలాంటి మాట ఒకటి ఉంటుంది. ఇప్పుడు కోడు అంటున్నారు. మా నాయన గుర్తులు అనేవాడు. అక్షరాలు దిద్దిన కొత్తల్లోనే నాకు నేర్పాడు.

"చదివితే కంటితో చదువు మ్మే. పెదవి కదిలిందంటే మన అంగడి పోతాది."

ఇంకొక మాట కూడా చెప్పాడు. ఆ చీర కొన్నది అంతేనా, ఇంత ఎక్కువ చెప్తున్నావేమని ఒకరోజు నేను అమాయకంగా అడిగినప్పుడు.

"ఆ అంకె పైన బాడుగ ఉండాది, కరెంటు ఉండాది, పనోళ్ళ కూడు ఉండాది. అమ్ముడుపోక పురుగు కొట్టే చీర ఉండాది. ఇవన్నీ రాసేదానికి చీటీలో చోటు లేదు, అంతే."

మొదటి మాట నేను యాభై ఏళ్ళు గుర్తుపెట్టుకున్నాను. రెండోది సమయానికి మరిచిపోయాను.

మా అంగట్లో చీరలు విప్పి చూపించే పనికి ఒకాయన ఉండేవాడు. మాకు రెండు వీధుల అవతలి ముస్లింల ఇంటివాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. తర్వాత ఆయన కర్నూలు పోయి పాత బస్టాండు దగ్గర, మెట్లు దిగి పోయే చోట, సొంతంగా చిన్న అంగడి పెట్టుకున్నాడు. పెట్టే ముందు కడపకు వచ్చి మా నాయన ముందు పండ్లపళ్ళెం పెట్టి అడిగాడు: "మీ పదక్షరాలు నేను కూడా వాడుకుంటా. కొత్తవి పెట్టుకుంటే చెయ్యి రాదు నాకు." మా నాయన నవ్వాడు. "అక్షరాలు నేనేమన్నా తయారు చేస్తినా? వాడుకో పో."

తర్వాత నన్ను కూడా కర్నూలికే ఇచ్చారు. నాయన పోయాడు, కడప అంగడి మూతపడింది. ఆ పదక్షరాలు మాత్రం పాత బస్టాండు దగ్గర మెట్ల కింద బతికే ఉన్నాయి. నేను ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా, చీర కావాలంటే అక్కడికే.

"ఏం పాపా, ఇంత ఎండలో వస్తివే. కూచో. ఫ్యాను ఇట్ల తిప్పుతా."

"ఫ్యాను గాలికి కూడా ధర వేస్తావేమో అన్నా. ఈ చీర ఎంత?"

"నీకైతే పదిహేడు నూర్లు."

నేను చీర అంచు చూస్తున్నట్టు నటిస్తూ చీటీ చూసేదాన్ని. పెదవి కదిలేది కాదు. "పన్నెండు."

"పన్నెండా! అంగడి మూసుకొని పొమ్మంటాండావా?"

"మూసుకోవద్దులే. పదమూడు తీసుకో."

"మీ నాయన దగ్గర చీర మడత పెట్టేది నేర్చుకుంటి గానీ, నీతో బేరం చేసేది నేర్చుకోలేకపోతి" అంటూ ఓడిపోయినవాడి మొహం పెట్టి కవర్లో వేసేవాడు. నేను గెలిచినదాని నడకతో మెట్లెక్కి వచ్చేదాన్ని. నా జీవితంలో నేను ఖాయంగా గెలిచే చోటు అదొక్కటే. ఇంట్లో మా ఆయనతో గెలవలేదు, ఆఫీసులో ఎవరితోనూ గెలవలేదు.

ఆ అంగట్లో పద్నాలుగేళ్ళుగా ఒకామె పనిచేస్తోంది. ఓర్వకల్లు పక్క పల్లె నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోతుంది. చర్చి ఉన్న పల్లె, వాళ్ళదీ ప్రార్థన చేసుకునే ఇల్లే. నలభై దాటి ఉంటాయి. మనిషి ఒంటి రంగు చూసి ఏ చీర నప్పుతుందో చెప్పేస్తుంది, చెప్పింది తప్పు కాదు. ఇంటి దగ్గర మిషను మీద చీరలకు ఫాల్ కూడా కుడుతుంది. నన్ను అక్కా అనేది. నా చీరలకు ఫాల్ కుట్టి తెచ్చినప్పుడు కవరు మీద 'అక్క' అని మాత్రం రాసి పిన్ను గుచ్చేది. మిగతావాళ్ళ కవర్ల మీద పేర్లుండేవి.

ఈమధ్య అన్నకు కళ్ళు మసకబారాయి. చీటీ మీది అక్షరాలు తనకే సరిగా ఆనక, పదక్షరాల మాటను ఆమెకు చెప్పాడు. నాకూ చెప్పాడు ఆ సంగతి. "కోడలికి కూడా చెప్పలే పాపా. ఆయమ్మకు చెప్తి. నమ్మకమైన మనిషి."

ఇక గ్రూపు సంగతి. అందులో ఊళ్ళోని ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ డాక్టరు మంచివాడు, పనిమనిషి ఎక్కడ దొరుకుతుంది, కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయి, ఇవీ మాటలు. పేరు దాచుకొని రాయాలనుకుంటే ఒక మీట నొక్కితే చాలు, మన పేరు బదులు బూడిదరంగు తలకాయ బొమ్మ వస్తుంది. ఒకరోజు అలాంటి బొమ్మ వెనక నుంచి ఒకామె, మా ఆయన చెయ్యి చేసుకుంటున్నాడు, పిల్లలతో ఎక్కడికి పోవాలో తెలియడం లేదు అని రాసింది. ఎంతమంది ఎన్ని దారులు చెప్పారో. ఆమె ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. ఆ మీట అలాంటివాళ్ళ కోసం. దాన్ని నేను దేనికి నొక్కానంటే, ఒక చీర గురించి.

ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు లేదు. గ్రూపులో ఒకామె కొత్త చీర ఫొటో పెట్టింది. పాత బస్టాండు దగ్గర మెట్లు దిగే అంగట్లో కొన్నదట. గట్టిగా బేరం చేసి పద్దెనిమిది వందలకు దించిందట. కింద అందరూ అబ్బో అబ్బో అంటున్నారు. అదే చీర, రంగు వేరు, నేను పదమూడు వందలకు తెచ్చాను. ఆ గొప్పను నేను ఓర్చుకోలేకపోయాను. ఇదీ బేరమేనా అని చెప్పాలనిపించింది. కానీ నా పేరుతో చెబితే, అదే గ్రూపులో ఉన్న మా పాత ప్రిన్సిపాలు భార్య, ఈమె ఇంత పిసినారా అనుకుంటుంది. నా తెలివి అందరికీ కనపడాలి, నా మొహం ఎవరికీ కనపడకూడదు. ధర అడిగేటప్పుడు బజారంతా వినపడేలా అరిచే మనిషిని, పేరు చెప్పాల్సి వచ్చేసరికి తలకాయ బొమ్మ వెనక నక్కాను.

రాశాను. ఆ అంగడి ఎక్కడుందో ఆనవాళ్ళు చెప్పి, చీటీ మీద అక్షరాలుంటాయి చూడండి అని చెప్పి, పదక్షరాలూ వరసగా పెట్టేశాను. ఇకమీద ఎవరూ మోసపోవద్దు అని చివర ఒక ఉపదేశం కూడా.

సాయంత్రానికి ఎర్ర హృదయాల వాన. ఎవరమ్మా నువ్వు, నీ కాళ్ళకు దండం అని ఒకరు. నువ్వు మా ఇంటికి కోడలుగా వచ్చేయి అని ఇంకొకరు. నేను ఎంత దిగజారానంటే, నా సొంత పేరుతో కింద 'భలే చెప్పారండీ' అని రాసుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అది కూడా చెప్పాలి కదా.

పది రోజుల తర్వాత అంగడికి పోతే అన్న ఒక్కడే ఉన్నాడు. చీరలు విప్పినవి విప్పినట్టే కుప్పగా పడి ఉన్నాయి. ఫ్యాను నా వైపు తిప్పలేదు.

"ఆమె రాలేదా అన్నా?"

"తీసేస్తి పాపా."

గొంతులో కోపం లేదు, అలసట ఉంది. చెప్పుకొచ్చాడు. ఒక్కొక్కరే వస్తారు, చీటీ తిప్పుతారు, ఫోను తీస్తారు, అక్షరాలు పోల్చుకుంటారు. కొన్నది పదకొండు నూర్లకు, పదహైదు చెప్తాండావా, దొంగోడా అంటారు. కొందరు కొనరు, నవ్వి పోతారు. కోడలు ఫోనులో ఆ రాత చూపించింది.

"పదక్షరాలు తెలిసినోళ్ళు ఈ ఊర్లో ఇద్దరే. నేనొగణ్ణి, ఆయమ్మ ఒగతె. నేనైతే చెప్పల్యా."

ఇద్దరే. నేను ఆ లెక్కలోకే రాలేదు. నేను గురువు కూతురిని. ఇంటి మనిషి ఇంటికి కన్నం వేస్తుందని ఆయనకు తట్టలేదు.

"అడిగితివా ఆమెను?"

"అడిగితి. ఏడ్చె. బైబిలు మీద ఒట్టు పెట్టుకుంటాననె. నాకు వద్దు, ఇంటికి పో అంటి. ఎవురికీ చెప్పలే పాపా, తీసేసిన సంగతి. పద్నాలుగేండ్లు నా అంగట్లో అన్నం తిన్న మనిషి. నలుగురిలో దొంగ అనిపిచ్చుకోవద్దనే. ఒంట్లో బాగలేక రాలేదని చెప్తాండా వచ్చినోళ్ళతో. నీకు తప్ప ఎవురికీ చెప్పలే."

ఆ పూట నోరు తెరిచి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. తెరవలేదు. ఇంటికి నడుస్తూ దారంతా నాతో నేనే బేరం చేసుకున్నాను. పూర్తిగా ఒప్పుకోవడం చాలా ఎక్కువ ధర. అందులో సగానికి పని కాదా? ఆమె తప్పు లేదని తేలితే చాలు కదా, చేసింది ఎవరో తేలాల్సిన పనేముంది?

మళ్ళీ మీట నొక్కాను. బూడిదరంగు తలకాయ వెనక నుంచి రాశాను: 'ఆ అంగడి కోడు రాసింది నేను. అక్కడ పనిచేసే ఆమెకు ఏ సంబంధమూ లేదు. అనవసరంగా ఆమెను పనిలోంచి తీసేశారు.'

నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. సగం ధరకు నిజం చెప్పేశానని.

గ్రూపులో నవ్వులాట మొదలైంది. నీకెట్లా తెలుసు, ఆమె నువ్వేనా? చెల్లెలివా, వదినవా? అయితే కోడు బయటపెట్టిన దొంగ ఆ పనామేనన్నమాట! పేరు లేనోళ్ళ సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుంది? రెండు రోజుల తర్వాత అంగడికి పోతే అన్న మొహం ఇంకా గట్టిపడి ఉంది.

"చూసినావా పాపా? ఇప్పటిదాకా ఏదో మూల అనుమానం ఉండె, ఆయమ్మ కాదేమో, నేనే తొందరపడితినేమో అని. ఇప్పుడు తేలిపాయె. తీసేసిన సంగతి నేను ఎవురికీ చెప్పల్యా. గ్రూపులో రాసినోళ్ళకు ఎట్ల తెలుస్తాది? ఆయమ్మ మనుషులే రాసినారు."

"ఎవరికీ చెప్పలేదా అన్నా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పట్టుబడాలని ఉందేమో.

"నీకు తప్ప ఎవురికి చెప్పినా?" అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ. ఆ మసక కళ్ళకు నేను కనబడలేదు.

మర్నాడు ఓర్వకల్లు బస్సెక్కాను. సాకు దొరికింది. ఈ గొడవకు ముందే ఫాల్ కుట్టమని ఆమెకు రెండు చీరలు ఇచ్చి ఉన్నాను. బస్సు దిగి ఆటోలో పోతుంటే రెండు పక్కలా రాళ్ళ గుట్టలు, మధ్యలో నెత్తి మాడ్చే ఎండ. పల్లెలో ఇల్లు అడిగితే ఒక ముసలాయన, "ఎవురు? బట్టల అంగట్లో పనిచేసేటామె? ఆ కోడు చెప్పినామెనా?" అన్నాడు. గ్రూపులోని మాట నాకంటే ముందే బస్సెక్కి వచ్చింది. పద్నాలుగేళ్ళ పని పోయి ఆ ఒక్క మాట మిగిలింది.

నాపరాళ్ళు పరిచిన చిన్న వసారా. ఆమె అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, కాళ్ళకు ఎర్రమన్ను. నన్ను చూసి కంగారుపడి కొంగు సర్దుకుంది.

"అక్కా! ఎండలో ఇంత దూరం యాల వస్తిరి? చెప్పంపితే నేనే తెచ్చేదాన్ని కదా. ఫాల్ ఇంకా కాలేదక్కా. పనికి పోతాండా."

"ఏం పని?"

"విమానాలు దిగేకాడ కొత్తగా చెట్లు పెడతాండారు. కలుపు తీసేది." నవ్వింది. "చీర మడతలు తప్ప ఏమీ తెలీదు నాకు. చేతులు బొబ్బలెక్కినాయి."

మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను.

"ఇంకో బట్టల అంగడిలో అడిగి చూడలేదా?"

"నాలుగు అంగళ్ళు తిరిగితి అక్కా. పేరు అడుగుతారు, ముందు యాడ పనిచేస్తివి అంటారు. చెప్తే, సరే చెప్పంపుతాం పొమ్మంటారు. అంగళ్ళోళ్ళందురూ ఒకటే కదా, చెప్పుకోని ఉంటారు. ఎవురు రాసినారో గానీ, వాళ్ళు నా పేరు రాయల్యా. వాళ్ళ పేరు కూడా రాయల్యా. అయినా అందరికీ నా పేరే తెలుసు."

ఆ మాట అంటూ చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఎవరిదో వస్తువు దాస్తున్నట్టు.

"చర్చిలో ఆదివారం వాక్యం చదివేదాన్ని. ఎవురూ వద్దనలే. నేనే మానేస్తి. నిలబడి చదవతాంటే అందురూ అదే అనుకుంటాంటారని." నీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టి అడిగింది. "మీరు ఒక మాట చెప్పండక్కా మా అంగడి భాయికి. మీ నాయన అంటే ఆయప్పకు దేవుడు. మీరు మీ నోటితో ఆయమ్మ అట్లాంటిది కాదు అంటే ఇంటాడు. పని ఇయ్యకపోయినా పర్వాలేదు. దొంగ కాదు అని అంటే చాలు."

నా పేరు అరువడిగింది, పూచీకోసం. ఆ రెండు చీరలు అక్కడే వదిలి, నిదానంగా కుట్టులే అని చెప్పి లేచాను. ఆటో దొరకలేదు, బస్సు ఆగేచోటి దాకా నడిచాను. మామూలుగా నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారు. ఆ దారిలో పిలిచేవాళ్ళు లేరు.

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా మెట్లు దిగాను. అన్న చీర మడత పెడుతున్నాడు, చూపుతో కాదు, వేళ్ళతో.

"అన్నా, ఆమె అయి ఉండదు" అన్నాను. ఇదీ నా మొదటి ధర.

"నీది మెత్తటి మనసు పాపా."

"మెత్తన కాదు. నాకు తెలుసు ఆమె కాదని."

"ఎట్ల తెలుసు?"

"తెలుసు."

"అయితే ఎవురు?"

ఇక పెంచడానికి నా దగ్గర ఒక్కటే మిగిలింది. "నేను."

చీర మడత ఆగలేదు. అంచు అంచుకు చేర్చి, నాలుగో మడత వేసి, అరచేత్తో ఒత్తి, పక్కన పెట్టాడు. తర్వాత ఇంకొకటి తీసుకున్నాడు.

"రెండోసారి రాసింది గూడా?"

"అదీ నేనే."

"యాల?"

చెప్పాను. ఎవరో పద్దెనిమిది వందలకు కొని గొప్పలు పోయిందనీ, నేను పదమూడుకు తెచ్చాననీ. చెబుతుంటే అది ఎంత చిన్న సంగతో నాకే వినబడింది. ఆయన చేతిలోని చీర పక్కన పెట్టాడు. తర్వాత నవ్వాడు, నవ్వు కాదది, ముక్కుతో గాలి వదలడం.

"పదమూడుకు తెచ్చినావు. పాపా, నీకు చీటీ చదివేది వచ్చని నాకు తెల్వదా? మీ నాయన నీకు నేర్పినప్పుడు నేను పక్కనే నిలబడి ఉంటి. నువ్వు మెట్లు దిగతాంటే, ఆయమ్మతో అంటాంటి, పాప వస్తాంది, గెలిచిపోవాల అని. చీటీ మీద వంద కలిపి నీకు ఇచ్చేది. ఆ వంద గూడా ఎందుకంటే, ఊరకే ఇస్తే నువ్వు తీసుకోవు గదా."

నేను కుర్చీలో కూర్చున్నాను. కూర్చోమని ఆయన అనలేదు.

"పొద్దున్నే బస్సులో పోయి ఆయమ్మను పిలుచుకొస్తా" అన్నాడు. "కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే పట్టుకుంటా. అది నా తప్పు, నేను సూసుకుంటా. నీది వేరే ఉండాది. నాకు చెప్పినావు, సరే. ఇది నాలుగ్గోడల మధ్య మాట. ఆయమ్మను దొంగ అన్నది యాడ? ఆ ఫోనులో. నీ పేరు పెట్టి ఆడ చెప్పు."

"పేరు పెట్టాలా అన్నా?" అడిగేశాను. బతుకంతా అలవాటు కదా.

"దీంట్లో మాత్రం తగ్గించను పాపా."

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. మొదట 'పొరపాటున' అని రాశాను, కొట్టేశాను. 'అందరి మంచికోసం' అని రాశాను, అదీ కొట్టేశాను. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. ఆ అంగడి చీటీల గుట్టు నేనే రాశాను. అది మా నాయన నాకు నమ్మి చెప్పింది. అక్కడ పనిచేసే ఆమె తప్పేమీ లేదు. చీటీ మీద ఉండేది కొన్న ధర మాత్రమే, అందులో బాడుగ లేదు, కరెంటు లేదు, ఆమె జీతం లేదు. ఈసారి తలకాయ బొమ్మ లేదు. నా పేరు, పక్కన మనవడి పుట్టినరోజుకు తీసిన నా ఫొటో.

గ్రూపు నడిపే అమ్మాయి వెంటనే ఫోను చేసింది. "నాకు మొదటి రోజు నుంచీ తెలుసు ఆంటీ. పేరు దాచుకున్నా మాకు మాత్రం కనిపిస్తుంది."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా? ఒకామె పని పోయింది కదా."

"చెప్తే ఆ మీట ఇంకెవరూ నొక్కరు ఆంటీ. తన్నులు తినే ఆమె కూడా నొక్కదు. మీరే చెప్తారేమో అని చూస్తూ కూర్చున్నా. మీరు మీ రాత కిందే 'భలే చెప్పారండీ' అని రాస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు."

తర్వాత రెండు రోజులు తిట్లు. కొన్ని తిట్లు పేర్లతో, కొన్ని తలకాయ బొమ్మలతో. పేర్లతో తిట్టినవాళ్ళు కాస్త మర్యాదగా తిట్టారు, అంతే తేడా. మిగతా అంగళ్ళ కోడ్లు కూడా చెప్పండి ఆంటీ అని ఒకమ్మాయి. కడప నుంచి మా మేనమామ కొడుకు, ఆయనకూ బట్టల వ్యాపారమే, ఫోను చేసి, "మన అంగళ్ళకు నువ్వు రావద్దులే అక్కా, నీకేం కావాలన్నా ఇంటికే పంపిస్తాం" అన్నాడు. అది మర్యాదో, గడప దాటొద్దనడమో నేను అడగలేదు. అక్కడి నుంచే, పేర్లు లేకుండా రాసే వీలు ఎందుకసలు, తీసేయండి అని గొడవ మొదలై ఓట్ల దాకా వచ్చింది. తీసేయమని నొక్కబోతాను, ఆ తన్నులు తినే ఆమె గుర్తొస్తుంది. ఉంచమని నొక్కబోతాను, ఒళ్ళో దాచుకున్న బొబ్బల చేతులు గుర్తొస్తాయి. ఫోను పక్కన పెట్టేస్తాను.

పదిహేను రోజులాగి అంగడికి వెళ్ళాను. ఆమె ఉంది. మళ్ళీ పనికి వచ్చే ముందు అన్నతో, నేను దొంగను కాదని నీ కోడలి ముందు, ఇరుపక్కల అంగళ్ళోళ్ళ ముందు నీ నోటితో అను, అప్పుడే వస్తా అందట. ఆయన అన్నాడట. ఇది పక్క అంగడివాళ్ళు చెప్పిన మాట, ఆమె చెప్పలేదు. కొనేవాళ్ళ ముందు చీరలు విప్పుతున్న ఆ చేతుల మీద బొబ్బలు ఎండి పొట్టు లేస్తున్నాయి.

"రండి మేడం" అంది నన్ను చూసి. "ఏం చూపించమంటారు?"

మర్యాదలో లోటేమీ లేదు. అన్న లోపలి గదిలో ఉన్నాడు, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినబడింది, బయటికి రాలేదు. నేను అవసరం లేకపోయినా ఒక నూలు చీర అడిగాను. విప్పింది. చీటీ చూశాను, అలవాటు కదా. కొత్త అక్షరాలు. అంగడి మొత్తం చీటీలన్నీ మార్చేశారు. మూడు అక్షరాలు నన్ను చూస్తున్నాయి, నాకు ఒక్కటీ చదవడం రాలేదు.

"ఎంతమ్మా?"

"పన్నెండు నూర్లు మేడం."

నోరు తెరిచాను. ఏ అంకె దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె చీర అంచు సర్ది, "అడగండి మేడం. అందరికీ తగ్గించినట్లే తగ్గిస్తాం" అంది.

"వద్దులే. ఇచ్చేయి."

చీర కవర్లో పెట్టింది. తర్వాత బల్ల కింద నుంచి ఇంకొక కవరు తీసింది. నా రెండు చీరలు, ఫాల్ కుట్టినవి. ఆమె కుట్టు ఎప్పట్లాగే సన్నగా, వరసగా ఉంది. మెట్లెక్కి పైకొచ్చాక ఎండలో ఆ కవరు తిప్పి చూశాను. పిన్ను గుచ్చిన కాగితం మీద బాల్‌పెన్నుతో నా పేరు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా.